పాతాళలంక తలారులు

మైరావణుడి కథ ఆడే రాత్రి మా ఊళ్లో యుద్ధం కోసం మేలుకుని ఉండేవాళ్లు తక్కువ. బాణాలు, గదలు, ఎగిరిపడే తలకాయలు వేరే రాత్రుళ్లలో కావలసినన్ని చూసేవాళ్లం. ఈ కథలో అందరూ ఎదురుచూసేది ఒక గుమ్మం కోసం. పాతాళలంక కోట గుమ్మం, అక్కడ వేలాడే తక్కెడ, దానికి అటొకడూ ఇటొకడూ మీసాలు మెలేస్తూ నిలబడ్డ కాపలావాళ్లు. కథ ఆ గుమ్మం దాకా వచ్చేసరికి మూడో జాము పడేది. గోనెపట్టాల మీదా ఈతచాపల మీదా పడి నిద్రపోతున్న పిల్లల్ని తల్లులు తట్టి లేపేవాళ్లు. "లెయ్‌రా, తక్కెడ వచ్చింది" అని మా అవ్వ నా చెవి మెలిపెట్టేది.

ఇది 1960ల నాటి మాట. ధర్మవరానికీ కదిరికీ నడుమ, వాన కోసం ఆకాశం చూసి చూసి మెడలు పట్టేసిన పల్లెలు మావి. అప్పుడు అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా.

చెనిక్కాయ పీకి, కళ్లాలు ఎత్తేశాక ఈ కథ ఆడే తోలుబొమ్మలాటవాళ్లు వచ్చేవాళ్లు. ఎద్దుబండి మీద బొమ్మల పెట్టె, హార్మోనియం, మద్దెల, వంటసామాను, వాటి సందుల్లో పిల్లలు. బండి వెనక ఆడవాళ్లు నడిచి వచ్చేవాళ్లు. ఊరి బయట చింతతోపులో దిగేవాళ్లు. వాళ్లలో వాళ్లు మరాఠీ కలిసిన మాట మాట్లాడుకునేవాళ్లు. మాతో తెలుగు, హిందూపురం దాటితే కన్నడం. ఆరె మరాఠీ కుటుంబాలవి. ఎన్ని తరాల కిందట మహారాష్ట్ర వైపు నుంచి దిగివచ్చారో గాని, రంగనాథ రామాయణం ద్విపదలు మా ఊరి పంతులుకంటే వాళ్ల ఆడవాళ్లకే ఎక్కువ నోటికి వచ్చు.

దిగడం దిగేవాళ్లే గాని, ఊళ్లోకి రావడం అంత సులువు కాదు. ముందు ఊరి కావలివాడు తలారి వెళ్లేవాడు. తలారంటే మునసబు ఇంటి ముందు నోరెత్తనివాడు, చింతతోపులో మాత్రం కలెక్టరు. కర్రతో బండి చక్రాన్ని తట్టి, "యా ఊరు మీది? ఎంతమంది ఉండారు? ఊళ్లో కోడి పోయినా మీదే పూచీ" అనేవాడు. వాళ్లు ఏటా వచ్చేవాళ్లే. బొమ్మలాట పెద్దాయన పేరు కూడా తలారికి తెలుసు. అయినా అడగాల్సిందే. అక్కడినుంచి మునసబుగారి అరుగు. పెద్దాయన చెప్పులు వేపచెట్టు కింద విడిచి, తలగుడ్డ చంకలో పెట్టుకుని నిలబడేవాడు. మునసబు ఒక కాగితం చదివేవాడు. అయిపోతే ఇంకో కాగితం. వక్క కొరికేవాడు. కరణంతో శిస్తు బకాయిల సంగతి మాట్లాడేవాడు. చాలాసేపటికి తలెత్తి, అప్పుడే చూసినట్టు, "ఏమప్పా, ఈసారి ఏం కథలు తెచ్చినావు?" అనేవాడు.

అలా నిలబెట్టిన సేపంతా పెద్దాయన కళ్లూ చెవులూ పనిచేస్తూనే ఉండేవి. తలారి గొంతు ఎక్కడ లేస్తుందో, మునసబు మాట మధ్యలో ముక్కు ఎలా ఎగబీలుస్తాడో, ఏ మాటకు కరణం "అంతే అంతే" అంటాడో, అన్నీ ఆ అరుగు కిందే మూట కట్టుకునేవాడు. ఆ మూట విప్పేది పాతాళలంక గుమ్మం దగ్గర.

సాయంత్రానికి రామాలయం ముందు బయల్లో నాలుగు గుంజలు పాతి, మూడు పక్కలా దుప్పట్లూ తడికలూ కట్టేవాళ్లు. ముందు పక్క చాకలాయన తెచ్చిన తెల్ల పంచెలు రెండు కలిపి కుట్టి, బిర్రుగా లాగి కట్టేవాళ్లు. అదే తెర. నా చిన్నప్పటికే పెట్రోమాక్సు వచ్చేసింది. పెళ్లికీ తిరనాళ్లకూ అదే. బొమ్మలాట పెద్దాయన మాత్రం తెర వెనక చాలాకాలం ఆముదం దీపాలే పెట్టించాడు. దానికి కారణం ఉంది. పెట్రోమాక్సు వెలుతురు నిలకడగా ఉంటుంది, బొమ్మను తెరకు అంటిస్తే అంటించినచోటే ఉంటుంది. ఆముదం దీపం గాలికి ఊగుతుంది, దానితోపాటు బొమ్మ ఛాతీ కూడా లేచి పడుతుంది. కదపకుండా పెట్టిన సీతమ్మ కూడా ఊపిరి తీసేది.

ఆ బొమ్మలు చిన్నవి కావు. కొన్ని రాష్ట్రాల్లో తోలుబొమ్మలు జానెడు, మూరెడు ఉంటాయి. మన ఆంధ్ర బొమ్మలు మనిషంత ఎత్తుకు కూడా పోతాయి. మేకతోలును వేడినీళ్లలో నానబెట్టి, బొచ్చు గీకి, లాగి ఎండబెడితే అది వెలుతురును లోపలికి రానిచ్చే పలచని పొర అవుతుంది. రావణాసురుడికి ఒక తోలు చాలదు, నాలుగైదు కలిపి కుట్టాలి. నగలున్నచోటల్లా ఉలితో సన్నని చిల్లులు కొడతారు, రంగులు రెండు పక్కలా వేస్తారు. దీపం పడితే ఆ చిల్లులే వడ్డాణాలు, కిరీటాలు. లేపాక్షి గుడి పైకప్పు మీది 16వ శతాబ్దపు బొమ్మల్ని చూసినప్పుడల్లా నాకు ఆ తెరే గుర్తొస్తుంది. పక్కకు తిరిగిన ఆ ముఖాలు, చెంప దాటి పోయే ఆ కళ్లు ఒక కుటుంబానివే అనిపిస్తుంది.

మొదట వినాయకుడు, తరవాత సరస్వతి. ఆ వెంటనే జుట్టుపోలిగాడూ బంగారక్కా దూకేవాళ్లు. వాళ్లిద్దరూ మొగుడూపెళ్లాలు, కేతిగాడు వాళ్ల మధ్యలో దూరే మూడోవాడు. వాళ్ల మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు, మగవాళ్లకు ఆ అడ్డం కూడా అక్కరలేదు. ఇప్పుడు పట్నాల్లో ఆడించేవాళ్లు ఈ ముగ్గురినీ బాగా కడిగి, తలదువ్వి, పిల్లల దినోత్సవానికి తగినట్టు తయారుచేస్తున్నారు. అది కేతిగాడికి జరిగిన అన్యాయం.

కథలోకి వస్తాను. వాల్మీకంలో ఇది లేదు. జనం కట్టుకుని, జనమే పెంచుకున్న కథ ఇది. యుద్ధంలో తనవాళ్లంతా కూలిపోతుంటే రావణుడు పాతాళాన్ని ఏలే మైరావణుడిని తలచుకుంటాడు. రామలక్ష్మణుల్ని ఎత్తుకుపోయి కాళికి బలి ఇమ్మంటాడు. ఆ సంగతి విభీషణుడు పసిగట్టి చెబితే, హనుమంతుడు తన తోకనే చుట్టలు చుట్టలుగా పేర్చి కోట కడతాడు, లోపల అన్నదమ్ములు నిద్రపోతారు. మైరావణుడు విభీషణుడి వేషంలోనే వచ్చి, "ఒకసారి లోపలికి పోయి స్వామిని చూసి వస్తా" అంటాడు. తోక పక్కకు జరుగుతుంది. తెల్లారేసరికి పడకలు ఖాళీ.

ఈ కథలో మొదట మోసపోయిన కాపలావాడు హనుమంతుడే. దీన్ని పెద్దాయన వదిలేవాడు కాదు. "కోట గట్టినానని మురిసినావు గదరా ఆంజనేయా, మనిషిని జూడకుండా మొగం జూసి దావ ఇచ్చినావే" అని జాంబవంతుడి చేత అనిపించేవాడు. తోక ముడుచుకుని కూర్చున్న హనుమంతుడి బొమ్మను తెర మూలకు పెట్టి, కాసేపు మద్దెల కూడా ఆపించేవాడు. వేషానికి వేషంతోనే జవాబు చెప్పాలన్న పట్టుదల అక్కడ పుడుతుంది.

తామరతూడు గుండా హనుమంతుడు పాతాళానికి దిగుతాడు. అక్కడ మొదటి కావలి మత్స్యవల్లభుడిది. లంక కాల్చి సముద్రంలో దిగినప్పుడు హనుమంతుడి చెమటబొట్టును ఒక చేప మింగింది, దానికి పుట్టినవాడు. తండ్రెవరో కొడుక్కు తెలియదు, కొడుకున్నాడని తండ్రికి తెలియదు. ఇద్దరూ సరిజోడు, ఎంతసేపు కొట్టుకున్నా తెగదు. అప్పుడు తెర వెనక మనుషులు కాళ్ల కింద చెక్కలు పెట్టుకుని తొక్కితే ఊరి కుక్కలన్నీ లేచేవి. చివరికి నువ్వెవరంటే నువ్వెవరని తెలుసుకుంటారు. కొడుకు కాళ్లమీద పడతాడు గాని దారి మాత్రం ఇవ్వడు. మైరావణుడి ఉప్పు తిన్నాను, నేనుగా తలుపు తియ్యను అంటాడు. పెద్దాయన ఈ కాపలావాడిని ఒక్కనాడూ వెక్కిరించలేదు. మత్స్యవల్లభుడి మాటలన్నీ పద్యాలే, గొంతు కూడా గంభీరంగా మారిపోయేది. కాపలా కాసేవాళ్లందరూ ఒకటి కాదని, కావలి ధర్మం వేరు, కావలి పొగరు వేరని చిన్నపిల్లలకు కూడా తెలిసేటట్టు ఆడించేవాడు. ఆ తేడా చూపించగలిగినవాడు కాబట్టే తరవాతి గుమ్మం దగ్గర అతని వెక్కిరింతకు అంత పదును.

దుర్దండి కడవ ఎత్తుకుని వస్తుంది. ఆమె మైరావణుడికి సొంత చెల్లెలు. ఆమె కొడుకు నీలమేఘుడు రాజవుతాడని ఆకాశవాణి చెప్పింది కాబట్టి, ఆ పిల్లవాడిని కూడా చెరలో వేసి, రామలక్ష్మణులతోపాటు బలికి సిద్ధం చేశారు. బలికి ముందు తలస్నానానికి నీళ్లు కావాలి. ఆ నీళ్లు మోయాల్సింది తల్లే. చెరువుగట్టు మీద కడవ దించి ఆమె ఏడిచే పాటను పెద్దాయన భార్య పాడేది. బక్కమనిషి, పగలంతా మాటే వినిపించేది కాదు. ఆ పాట ఎత్తుకుంటే రామాలయం గోపురం మీది పావురాలు కదిలేవి. మా అవ్వ ఇద్దరు కొడుకుల్ని గత్తరకు పోగొట్టుకుంది. ఆ పాట ఉన్నంతసేపూ నా తల మీద చెయ్యి వేసి ఉంచేది.

ఈ కథలో రాముడు దేవుడు కాడు, కాపాడవలసిన పిల్లవాడు. నిద్ర మత్తులో పడి ఉంటాడు, ఒక్క మాట లేదు, ఒక్క బాణం లేదు. ఊళ్లోని ఆడవాళ్లకు ఈ రాముడంటే పట్టాభిషేకం రాముడికంటే దగ్గర. ముగ్గురు పిల్లలు, ఒక తల్లి, ఒక కోతి. అటు పక్క కోట, తక్కెడ, కాపలా.

"నీ కొడుకును నేను తెస్తానమ్మా, నన్ను లోపలికి చేర్చు" అంటాడు హనుమంతుడు. "ఎట్లా చేర్చేది నాయనా, ఆ గుమ్మంలో ఈగ దూరినా తూస్తారు" అంటుంది ఆమె. పాతాళంలోకి ఎవరు వెళ్లినా తక్కెడలో ఎక్కాలి. శత్రువుంటే తక్కెడే చెబుతుంది. హనుమంతుడు వేలెడంతవాడై కడవలోకి దిగి, నీళ్లు తొణక్కుండా వేసిన మామిడాకు కింద దాక్కుంటాడు.

ఇక గుమ్మం. ఇక్కడ రామాయణం ఆగిపోయి, మా ఊరు మొదలయ్యేది.

"ఎవురే నువ్వు? యా ఊరు మీది?"

గొంతు అచ్చం మా తలారిదే. జనం గొల్లున నవ్వేవాళ్లు.

"నేనయ్యా, మీ రాజు చెల్లెల్ని. దినమూ సూస్తావు గదా."

"దినమూ సూసేది దినంలెక్క. ఈ పొద్దు సూసేది ఈ పొద్దులెక్క. కడవ దించు."

కడవ తక్కెడలో పెడతారు. తక్కెడ కిందికి దిగిపోతుంది. రెండోవాడు ముక్కు ఎగబీలుస్తాడు. ఆ ముక్కు ఎవరిదో అందరికీ తెలుసు, ముందు వరసలో నులకమంచం మీద కూర్చున్న ఆ ముక్కుతో సహా.

"నిన్న ఇంత తూగలేదే ఈ నీళ్లు?"

"బాయిలో నీళ్లు బరువెక్కినాయేమో నాయనా."

"బరువెక్కితే శిస్తు ఎక్కల్ల గదా? ఎక్కినట్ట లెక్కలో ఉందా?"

"అంతే అంతే" అంటుంది తెర పక్కనుంచి మూడో గొంతు. కరణం ఇంటి ఆడవాళ్లు కూడా నవ్వు ఆపుకోలేకపోయేవాళ్లు.

అసలు గొడవ ఆ తరవాతది. కడవలో చెయ్యి పెట్టి చూడాలి. ఎవరు చూడాలి? మొదటివాడు నువ్వు చూడంటాడు. రెండోవాడు, చూడ్డం నా పని కాదు, నువ్వు చూసినావా లేదా అని చూడ్డం నా పని అంటాడు. ఆకు తీస్తే నీళ్లు మైలపడతాయి, మైలపడితే రాజు తల తీస్తాడు. తియ్యకపోతే బరువు సంగతి తేలదు, తేలకపోయినా రాజు తల తీస్తాడు. ఇద్దరూ ఇలా వాదించుకుంటుంటే, మామిడాకు సందులోంచి చిన్న తోక బయటికి వచ్చి ఒకడి చెవిలో దూరేది. వాడు రెండోవాడిని కొట్టేవాడు. పిల్లలం "తోక! తోక!" అని అరిచేవాళ్లం. "తోకంట, ఎవురిదిరా తోక? రాసుకో, తోకకు గూడా పన్ను" అనేవాడు కాపలావాడు మావైపు తిరిగి. ఇంతలో బంగారక్క చంకలో పుచ్చకాయంత మూటతో వచ్చి, కాపలావాళ్ల ఏడుతరాల్నీ తిట్టుకుంటూ, తక్కెడ వంక కూడా చూడకుండా లోపలికి పోయేది. ఆమెను తూచే మగాడు పాతాళంలో కూడా లేడు.

చివరికి తక్కెడ కాడి పుటుక్కున విరిగిపోతుంది. విరగ్గానే హనుమంతుడు బయటపడి కాపలావాళ్లను చావగొడతాడని కొందరు చెబుతారు. మా వైపు పెద్దాయన అంత తొందరపడేవాడు కాదు. తక్కెడ విరిగిన సంగతి రాజుకు తెలిస్తే ఆ పూట కావలి ఎవరిదని అడుగుతాడు. అందుకని ఇద్దరూ విరిగిన ముక్కల్ని చాటున దాచి, కడవను తామే దుర్దండి తలకెత్తి, "పోమ్మా పో, తొందరగా పో" అని లోపలికి పంపించేవాళ్లు. శత్రువును కోటలోకి మోసిన చేతులు వాళ్లవే. దెబ్బలు తరవాత పడతాయి, కావలసినన్ని.

బొమ్మలాటవాళ్ల తెలివి గురించి ఎన్నో మాటలు విన్నాను. నా మటుకు నాకు అందులో తలమానికం ఇదే. పొగరుబోతు కాపలావాడి బలహీనత కండలో లేదు, భయంలో ఉంది. పైవాడి భయం. ఆ భయాన్ని పట్టుకుని లాగితే తలుపు వాడే తీస్తాడు. ఇది ఏటా ఆ అరుగు కింద నిలబడ్డవాడికి తప్ప ఇంకొకరికి తెలిసే సంగతి కాదు.

మునసబుకు కోపం వచ్చేది కాదా అని మా పిల్లలు అడుగుతారు. వచ్చేది. కాని ఎవరి మీద చూపిస్తాడు? తెర మీద మాట్లాడింది పాతాళలంక కాపలావాడు. వెనక ఉన్న మనిషి కనిపించడు. కేతిగాడి మీద కేసు పెట్టిన మునసబు అని పేరు తెచ్చుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలదు. అందరితో పాటు నవ్వాల్సిందే, అందరికంటే కొంచెం గట్టిగా నవ్వాల్సిందే. మర్నాడు గింజలు కొలిచి పెట్టే దగ్గర మాత్రం పెద్దాయనను మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టేవాడు. పెద్దాయన నిలబడేవాడు. తలారి కథ వేరు. వాడు మురిసిపోయేవాడు. "రాత్రి నా మాదిరే మాట్లాడినాడు సూసినారా" అని నెలరోజులు చెప్పుకునేవాడు.

తెల్లవారుజామున దుర్దండి చెప్పిన గుట్టు పట్టుకుని హనుమంతుడు మైరావణుడి ప్రాణాలున్న తుమ్మెదల్ని నలిపేసేవాడు. నీలమేఘుడికి పట్టం. హారతి పళ్లెంలో అణాలు, పైసలు పడేవి. అప్పటికి పాలు పిండే వేళ అయ్యేది.

మారువేషం మీద ఈ కుటుంబాలకు ఉన్న పట్టు ఒక్క మైరావణుడి కథతో తీరేది కాదు. వానలు మొహం చాటేస్తే ఊరు విరాటపర్వం ఆడించుకునేది. అందులో వేషం లేనివాడు ఎవడు? రాజు కంకుభట్టు, అర్జునుడు బృహన్నల, భీముడు వంటవాడు. సైరంధ్రి పిలిచిందనుకుని నర్తనశాలలోకి వచ్చిన కీచకుడికి ఆడవేషంలో భీముడు దొరుకుతాడు. చీరకట్టులో భీముడి బొమ్మ మీసాన్ని కొంగుతో దాచుకునే ముక్కకు వాన రాకపోయినా ఫరవాలేదనిపించేది. ఇంకొక సంగతి. 1885లో కడప జిల్లా సురభిలో తోలుబొమ్మలు ఆడించే వనారస కుటుంబం వాళ్లు బొమ్మల్ని పక్కనపెట్టి, తామే వేషాలు కట్టి మొదటిసారి ఆడిన నాటకం 'కీచకవధ'. సురభి నాటకసమాజం అక్కడ పుట్టింది. తెర వెనకనుంచి మనిషి తెర ముందుకు వచ్చినప్పుడు ఎంచుకున్న కథ కూడా మారువేషాల కథే. వాళ్ల చేతికి అలవాటైన ఆయుధం అది.

ఒకసారి తెర వెనక్కి పోయాను. నిజానికి పిల్లల్ని రానిచ్చేవాళ్లు కాదు. పెద్దాయన మనవడూ నేనూ పగలు గోళీలాడుకున్న చనువుతో, దుప్పటి ఎత్తి దూరాను. లోపల నేను అనుకున్న పాతాళలంక లేదు. చెమటలు కారుతున్న అయిదారుగురు మనుషులు, దండెం మీద వరసగా వేలాడే బొమ్మలు, ఒక మూల ఉయ్యాలలో చంటిబిడ్డ. హనుమంతుడు ఒక్కడు కాడు, ఎన్నో సైజుల్లో ఉన్నాడు. తోటలో చెట్లు పెరికేవాడు వేరు, సముద్రం దాటేవాడు వేరు, కడవలో దాక్కునే వేలెడంతవాడు వేరు. ఆ చిన్నవాడిని ఆడించేది పెద్దాయన కాదు, ఆయన భార్య. దుర్దండి ఏడుపూ ఆమెదే, కాపలావాడి చెవిలో పెట్టే తోకా ఆమెదే. ఏడుపు పాట అయిపోయీ అవగానే కళ్లు తుడుచుకోకుండానే తోక అందుకుంది.

ఇదంతా ఎప్పుడు పోయిందంటే ఒక తేదీ చెప్పలేం. మొదట డేరా సినిమా వచ్చింది. పావలా ఇస్తే రెండున్నర గంటల్లో కథ మొత్తం అయిపోయేది. బొమ్మలాటకు ఇచ్చే గింజలు తగ్గాయి. చెనిక్కాయ కళ్లంలోంచి నేరుగా మండీకి పోవడం మొదలయ్యాక, కళ్లం దగ్గర చేటతో నిలబడేవాళ్లకు పెట్టే అలవాటే పోయింది. 1984 జనవరిలో ప్రభుత్వం మునసబు, కరణం పదవుల్ని రద్దు చేసింది. మంచిదే చేసింది. కాని ఆ తరవాత ఒకసారి బొమ్మలాట వస్తే, ముక్కు ఎగబీల్చే కాపలావాడిని చూసి పాతవాళ్లు నవ్వారు, పిల్లలు ఎందుకు నవ్వుతున్నారని అడిగారు. 1987లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది. పంచాయతీ ఆఫీసు టీవీ ముందు ఊరంతా చేతులు కట్టుకుని కూర్చుంది. ఆ రామాయణంలో ఎవరూ మా ఊరి యాసలో మాట్లాడలేదు, ఎవరూ ప్రేక్షకుల వైపు తిరిగి తిట్టలేదు.

బొమ్మలు మాత్రం పోలేదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ కుటుంబాలు తోలు గీస్తున్నాయి, చిల్లులు కొడుతున్నాయి, రంగులు వేస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. కాకినాడ దగ్గర మాధవపట్నంలోనూ బొమ్మలాట కుటుంబాలున్నాయి. కాని వాళ్లు చేసేవాటిలో ఎక్కువభాగం దీపపు తొడుగులు, గోడకు తగిలించే పటాలు, గదుల్లో అడ్డుతెరలు. ఇళ్లలో ఆ దీపాలు అందంగానే ఉంటాయి, నేనూ ఒకటి కొన్నాను. వాళ్ల పొయ్యి వెలిగించేది ఆ బేరమే కాబట్టి దాన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు. కాని దీపం చుట్టూ తొడిగిన హనుమంతుడు ఏ గుమ్మమూ దాటడు.

హైదరాబాదులో ఒక ఉత్సవంలో మైరావణుడి కథ చూశాను. నలభై అయిదు నిమిషాలకు కుదించారు. మైకు బాగుంది, వెలుతురు బాగుంది, బొమ్మలు మెరిసిపోయాయి. దుర్దండి కడవ ఎత్తుకుని నడిచి వచ్చింది, నేరుగా లోపలికి వెళ్లిపోయింది. తక్కెడా లేదు, కాపలావాళ్లూ లేరు. అయిపోయాక ఆ కళాకారుడిని అడిగాను. "టైము లేదు సార్. అయినా ఇక్కడ ఎవరి గొంతు పెట్టాలో మాకేం తెలుసు" అన్నాడు. సరైన జవాబు. పొద్దున బస్సు దిగి, సాయంత్రం ఆడి, రాత్రి బస్సెక్కేవాడికి ఏ అరుగు తెలుస్తుంది, ఏ ముక్కు తెలుస్తుంది? గుమ్మం లేని మైరావణుడి కథ నా దృష్టిలో కథే కాదు.

గుమ్మాలకు ఇప్పుడు మాత్రం కొదవా? అపార్ట్‌మెంటు గేటు దగ్గర రిజిస్టరు, ఆస్పత్రిలో టోకెను, ఆఫీసులో "సారు మీటింగులో ఉండారు". తక్కెడ బదులు ఓటీపీ. రేషనుబియ్యం కోసం వేలిముద్ర పడక, మిషను ముందు చేతిని పైటకు తుడుచుకుని తుడుచుకుని మళ్లీ పెట్టే ముసలమ్మను చూస్తే, ఆమె పక్కన ఒక కడవ, దానిమీద ఒక మామిడాకు ఉంటే బాగుండుననిపిస్తుంది.

మీ ఊళ్లో శ్రీరామనవమికి పందిరి వేస్తే, డీజేకు పెట్టే డబ్బులో కొంత పక్కన పెట్టి నిమ్మలకుంటకు మనిషిని పంపండి. గంట ప్రదర్శన అడగవద్దు, రాత్రంతా ఆడమనండి. రెండు రోజులు ముందుగా రమ్మని, ఊళ్లో దింపి, కూడూ నీళ్లూ చూసి, సచివాలయానికీ రేషను షాపుకూ బస్టాండుకూ వాళ్లను తిరగనివ్వండి. మైరావణుడి కథే కావాలని గట్టిగా చెప్పండి. కూలీ, దారిఖర్చులూ బేరమాడకుండా ముందే ఇచ్చెయ్యండి.